నాలుగున్నర డ్యూటీ: పల్నాడు ఎండల్లో పెరటి తోట

ఆర్టీసీలో ముప్ఫై ఒక్కేళ్లు కండక్టరుగా చేశాను. ఫస్టు సర్వీసు పడిన రోజున మూడున్నరకే లేచి నాలుగున్నరకల్లా డిపోలో ఉండేవాణ్ణి. రిటైరై ఆరేళ్లయింది. సంచీ, టిక్కెట్ మిషనూ అప్పగించి వచ్చాను గానీ ఆ మెలకువను ఎవరికి అప్పగించాలో తెలియలేదు. ఇప్పటికీ నాలుక్కల్లా కళ్లు తెరుచుకుంటాయి. మా ఆవిడ నిద్ర చెడగొట్టకుండా ఎక్కడికి పోవాలా అని చూస్తే ఇంటి వెనకాల రెండు సెంట్ల ఖాళీ జాగా కనబడింది. తొంభై ఆరు గజాల పైచిలుకు. అందులో అప్పటికి ఉన్నవి ఒక వేపచెట్టు, ఒక కరివేప మొక్క, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు.

"రెంటచింతలలో ఎండ ఎంత కాసిందో రోజూ పేపర్లో వేస్తున్నారు. మనుషులే మాడిపోతుంటే మీకిప్పుడు తోట కావాల్సొచ్చిందా?" అంది మా ఆవిడ. అది ఏప్రిల్ నెల. ఆ ఏడు ఆవిడ మాటే నిజమైంది. టమాటా నారు తెచ్చి నాటాను. మధ్యాహ్నం భోంచేసి కిటికీలోంచి చూస్తే మొక్కలు తలకాయలు వేలాడేసి ఉన్నాయి. పాపం అనిపించి రెండు గంటలప్పుడు పైపు పట్టి తడిపాను. పైపు పొద్దుట్నుంచీ ఎండలో పడి ఉంది. అందులోంచి వచ్చిన నీళ్లు టీ కాచుకోవచ్చు, అంత వేడి. నాలుగు రోజుల్లో నారంతా ఉడికిన తోటకూరలా అయిపోయింది.

ఆ తర్వాత ఐదు వేసవులు గడిచాయి. ఇప్పుడు మార్చి నుంచి జూన్ దాకా మేం ఆకుకూర కొనడం లేదు. బెండ, దోస, సొర, గోరుచిక్కుడు మేము తినగా పక్కింటికి కూడా వెళ్తున్నాయి. నేను నేర్చుకున్నది చెబుతాను. ఎండాకాలం తోటకు చాకిరీ అంత అక్కర్లేదు, టైమింగ్ కావాలి. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు ఒక డ్యూటీ, సాయంత్రం ఐదున్నర నుంచి చీకటి పడేదాకా ఇంకో డ్యూటీ. మధ్యలో పెరటి తలుపు తీయకూడదు.

ఏం వేయాలి

ముందు వేయకూడనివి చెబితే మీ డబ్బులు మిగులుతాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, ముల్లంగి, పాలకూర చలికాలం పంటలు. వాటి జోలికి పోకండి. టమాటా మొక్క బతుకుతుంది, పూత కూడా పూస్తుంది, కాయ మాత్రం పట్టదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చిపోయి పూత రాలిపోతుంది. మనకి మార్చి నెలాఖరుకే 38 వచ్చేస్తుంది. నర్సరీవాళ్లు ఏప్రిల్లోనూ టమాటా నారు అమ్ముతూనే ఉంటారు. వాళ్ల వ్యాపారం వాళ్లది.

ఎండంటే లెక్కలేనివి వేరే ఉన్నాయి. బెండ, గోరుచిక్కుడు, దోస, సొర, బీర, కాకర, పొట్ల. ఆకుకూరల్లో తోటకూర, గోంగూర, తీగబచ్చలి, గంగవాయిల కూర. గంగవాయిల అయితే ఎవరూ వేయక్కర్లేదు, తడి ఉన్నచోట దానంతటదే మొలుస్తుంది. చాలామంది కలుపని పీకి పారేస్తారు. పెసరపప్పులో వేసి పులుసు పెడితే ఏ బజారులోనూ దొరకని రుచి. చలికాలంలో కాసిన వంగమొక్కలు ఉంటే పీకకండి. ఫిబ్రవరిలో మోకాలెత్తున కత్తిరించి కాస్త ఎరువు వేస్తే మళ్లీ చిగురేసి ఎండల్లోనూ అడపాదడపా నాలుగు కాయలిస్తాయి.

తీగజాతి గింజలు, బెండ, గోరుచిక్కుడు శివరాత్రి దరిదాపుల్లో వేసేయాలి. అప్పుడే ఎండలు ముదిరేసరికి వేళ్లు లోతుకు దిగుతాయి. ఏప్రిల్ నడుమ వేసిన గింజ మొలుస్తుంది, పైకి వచ్చాక మాడుతుంది. అప్పటికి ఆలస్యమైపోతే తోటకూర, గోంగూర చల్లుకోండి. అవి ఎప్పుడు చల్లినా తోసుకుని వస్తాయి.

బెండ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, కొత్తవాళ్లకి ఇంతకంటే ధైర్యమిచ్చే పంట లేదు. గింజల్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. తేలినవి తీసేయండి. పొద్దున తడి గుడ్డలో కాసేపు ఉంచి, వరుసకీ వరుసకీ మూరెడు, మొక్కకీ మొక్కకీ జానెడు ఎడంతో గుంటకు రెండేసి గింజలు, వేలి కణుపు లోతున పెట్టండి. వానాకాలంలో అయితే ఇంతకంటే ఎడం కావాలి, అప్పుడు మొక్క గుబురుగా పెరుగుతుంది. వేసవిలో దగ్గర దగ్గరగా ఉంటేనే ఒకదాని నీడ ఇంకోదాని మొదట్లో పడి మట్టి చల్లగా ఉంటుంది. రెండూ మొలిస్తే బలంగా ఉన్నదాన్ని ఉంచి రెండోదాన్ని గిల్లేయాలి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

నలభై ఐదు, యాభై రోజులకు మొదటి కోత. అక్కణ్ణుంచి రోజు విడిచి రోజు కోయాల్సిందే. ఒకసారి పెళ్లికని ఊరెళ్లి మూడు రోజుల తర్వాత వచ్చి చూస్తే కాయలు జానెడేసి పొడవు సాగి, విరిస్తే విరగనంత ముదిరిపోయాయి. ముదురుకాయ చెట్టు మీద ఉంటే కొత్త పూత తగ్గిపోతుంది. అందుకే వండుకోవడానికి పనికిరాకపోయినా కోసి పారేయండి. ఇద్దరున్న ఇంటికి ఇరవై మొక్కలు చాలు. నేను మొదట అరవై వేశాను. నెల రోజులు బెండకాయ వేపుడు, బెండకాయ పులుసు, బెండకాయ పచ్చడి. మా ఆవిడ "రేపటి నుంచి మీరే వండుకోండి" అన్నాక తగ్గించాను.

గోంగూరని వేర్లతో పీకి కట్ట కట్టే అలవాటు బజారువాళ్లకి ఉంటుంది. మనం పెరట్లో అలా చేయకూడదు. మొక్క అడుగున్నర ఎత్తుకు రాగానే పైన నాలుగు ఆకులతో సహా తల గిల్లండి. పక్కల నుంచి కొమ్మలేస్తుంది. అలా గిల్లుకుంటూ పోతే పది మొక్కలు వేసవంతా ఇస్తాయి. ఎర్రకాడ గోంగూర పులుపు ఎక్కువ, పచ్చడికి అదే బాగుంటుంది. తెల్లకాడది పప్పులోకి.

నీళ్లు పోయడం ఒక విద్య

ఇది సరిగ్గా రాకపోతే మిగతావన్నీ దండగ.

మధ్యాహ్నం ఒంటిగంటకి సొరపాదుని చూడండి. ఆకులన్నీ తడిగుడ్డల్లా వేలాడుతుంటాయి. ఇక చచ్చిపోయింది అనుకుంటాం. చావలేదు. అంత పెద్ద ఆకుల్లోంచి నీరు ఆవిరై పోయే వేగానికి వేళ్లు అందించలేక, ఎండకు ఒళ్లు అప్పగించకుండా ఆకుని వాల్చేసుకుంటుంది. సాయంత్రం ఆరింటికి మళ్లీ చూడండి, గొడుగులు విప్పినట్టు నిలబడి ఉంటుంది. అలా నిలబడితే దానికి దాహం లేదన్నమాట. తెల్లవారుజామున కూడా వాలిపోయే ఉంటే అప్పుడు నిజంగా నీళ్లు కావాలి. నేను నాలుగున్నరకి టార్చి పట్టుకుని ముందు చూసేది ఆకులనే.

రెండో పరీక్ష వేలితో. పైన ఎండి పర్రెలు బారినా చూపుడువేలు రెండు కణుపుల దాకా దించితే చల్లగా తగలాలి. మాది నల్లమట్టి, పైన ఇంతేసి పగుళ్లిచ్చి లోపల తడి దాచుకుంటుంది. పైపైన చూసి రోజుకి మూడుసార్లు తడిపితే వేళ్లు పైనే ఉండిపోతాయి, ఒక్క రోజు ఎగ్గొడితే మొక్క పడిపోతుంది. వారానికి మూడుసార్లు పాదు నిండా పోస్తే వేళ్లు లోతుకు పోతాయి. ఆకుకూరల మడి మాత్రం రోజూ తడపాలి, వాటి వేళ్లు పైనే ఉంటాయి.

తెల్లవారుజామునే ఎందుకంటే, అప్పుడు మట్టి రాత్రంతా చల్లారి ఉంటుంది, పోసిన నీరు పోసినట్టు లోపలికి దిగుతుంది. సాయంత్రం పోయాల్సి వస్తే ముందు పైపులో వేడినీళ్లు బకెట్లోకి వదిలేయండి. డాబా మీద ట్యాంకు నీళ్లయితే సాయంత్రం ఆరింటికి కూడా కాలిపోతుంటాయి. నేను పొద్దున్నే రెండు తొట్లు నింపి వేపచెట్టు నీడన పెట్టి, సాయంత్రం వాటినే వాడతాను. నీళ్లు మొదట్లో పోయండి, ఆకుల మీద కాదు. మా బోరు నీళ్లు ఉప్పన. ఆకు మీద పడి ఎండితే తెల్లగా సున్నం కొట్టినట్టు మచ్చలు పడతాయి.

ఇక కుండ సంగతి. మంచినీళ్లు చల్లబడే కుండ ఎందుకు చల్లబడుతుంది? చెమరుస్తుంది కాబట్టి. ఆ చెమటే మొక్కకు తాగిస్తాం. కుమ్మరి దగ్గర పదిలీటర్ల మామూలు మట్టికుండ తీసుకోండి. రంగు వేసింది, నున్నగా మెరిసేది పనికిరాదు, అది చెమర్చదు. ముందు నీళ్లు నింపి అరుగు మీద ఒక గంట పెట్టి చూడండి. పైన చేత్తో నిమిరితే తడి తగలాలి. మెడ వరకు భూమిలో పాతి, మూతి మాత్రం రెండు అంగుళాలు పైకి ఉంచండి. చుట్టూ జానెడు దూరంలో నాలుగు దోస గింజలో, రెండు సొర గింజలో పెట్టండి. కుండ నింపి పైన మూకుడు మూత పెట్టాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. మట్టి ఎండినప్పుడు కుండ ఎక్కువ కారుతుంది, తడిగా ఉన్నప్పుడు కారడం తగ్గిపోతుంది. రెండు మూడు రోజులకోసారి నింపితే చాలు. పెళ్లికి ఊరెళ్లిన ఆ మూడు రోజులూ బెండ ముదిరింది గానీ కుండ పక్కనున్న దోసపాదు మాత్రం వాడలేదు. సీజను అయిపోయాక కుండ తీసి చూస్తే వేళ్లు దానికి వలలా అల్లుకుని ఉన్నాయి. మా మనవరాలు అది చూసి "తాతయ్యా, కుండకి జుట్టొచ్చింది" అంది.

ఉప్పునీళ్ల వాళ్లకి ఒక ముక్క. ఏడాది తిరిగేసరికి కుండ రంధ్రాలు ఉప్పుతో పూడుకుపోతాయి. బయటికి తీసి ఒక రోజు నానబెట్టి కొబ్బరిపీచుతో లోపలా బయటా రుద్దితే ఇంకో ఏడు వస్తుంది. ఆపైన కొత్తది కొనుక్కోవడమే.

మట్టికి దుప్పటి కూడా కప్పాలి. వేపాకు, వరిగడ్డి, కొబ్బరిపీచు, ఏది దొరికితే అది మొదలు చుట్టూ నాలుగంగుళాల మందాన. కాండానికి మాత్రం ఆనకుండా రెండంగుళాలు ఖాళీ వదలాలి. గడ్డి కప్పిన చోట, కప్పనిచోట మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూశాను. ఒకచోట చెయ్యి ఉంచలేం, ఇంకోచోట హాయిగా ఉంటుంది. చిక్కొకటుంది, గడ్డికి చెదలు పడతాయి. గడ్డి పరిచేముందు గుప్పెడు వేపపిండి చల్లితే మాకు చాలావరకు తగ్గింది.

నీడ

పొద్దుటి ఎండ మొక్కకు అన్నం లాంటిది. చంపేది పన్నెండు నుంచి నాలుగు దాకా పడే పడమటి ఎండ. అందుకని పందిరి పెరడు మధ్యలో వేయకండి, పడమటి పక్కన వేయండి. నాది సరుగుడు కర్రలు పాతి, పైన బొంగులూ కొబ్బరితాడూ కట్టింది. దాని మీద సొర, బీర, పొట్ల పాకాయి. ఆ నీడలో తోటకూర మడి, బచ్చలి, నాలుగు కొత్తిమీర మొక్కలు. కొత్తిమీర వేసవిలో తొందరగా పూతకొచ్చేస్తుంది, చారులోకి సరిపడా వస్తే చాలనుకోవాలి.

తీగ అల్లుకునే లోపల నీడకి 50 శాతం పచ్చ నెట్, అంటే సగం ఎండని ఆపేది, కొనొచ్చు. నేను మొదటి ఏడాది మా ఆవిడ పాత నూలు చీరలు కట్టాను. చీరలే బాగున్నాయి కూడా, గాలి ఆడుతుంది. నెట్ అయినా చీర అయినా ఒక వైపు గట్టిగా, రెండో వైపు లాగితే ఊడొచ్చే ముడితో కట్టండి. ఇది నాకు మే నెల గాలిదుమారం నేర్పింది. నాలుగు మూలలా బిగించి కట్టానేమో, తెరచాపలా గాలి పట్టుకుని కర్రలతో సహా పందిరిని లేపి పక్కింటి గోడ మీద పడేసింది. పొట్లపాదు మొదలంటా తెగింది. చీర మాత్రం చెక్కుచెదరలేదు.

పూత రాలుతోందని కంగారు పడొద్దు

సొరపాదుకి మొదట వచ్చే పూలు మగపూలు. అవి రాలాల్సిందే. "అన్నయ్యా, నా సొరపాదు పూతంతా రాల్చేస్తోంది" అని ఎదురింటావిడ మూడేళ్ల నుంచీ ప్రతి వేసవీ అంటుంది. ఆడపూవు వెనక బుల్లి సొరపిందె ఉంటుంది, మగపూవుకి వట్టి కాడ ఉంటుంది. ఎండ ఎక్కువైనకొద్దీ మగపూలు పెరిగిపోతాయి. సొరతీగ పందిరెక్కగానే కొస గిల్లేస్తే పక్కకొమ్మలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా వాటికే వస్తాయి.

అవి వచ్చాక కూడా పిందె పసుపుబారి రాలిపోతుంటే తేనెటీగలు రావట్లేదని అర్థం. మనమే ఆ పని చేయాలి. వేళ తెలియాలి: దోస, కాకర పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి, సొర, బీర సాయంత్రం పొద్దువాలే వేళ. మా మనవరాలు సెలవులకి వస్తే ఈ డ్యూటీ దానిదే. ఆరు దాటాక స్టూలు ఎక్కి, అప్పుడే విచ్చిన మగపూవుని తుంచి, తెల్లటి రేకలు వెనక్కి మడిచి, మధ్యలో పసుపు పొడి అంటిన బుడిపెను ఆడపూవు నడుమ మెల్లగా అద్దుతుంది. ఒక మగపూవు ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది. మర్నాటికి ఆడపూవు వాడిపోతుంది గానీ పిందె ఆకుపచ్చగా నిలబడుతుంది. మూడోరోజుకి కాస్త లావెక్కినట్టు కనిపిస్తే ఇక భయం లేదు. మనవరాలు తన కాయలకి తాడుముక్కలు కట్టి గుర్తు పెట్టుకుంటుంది. వాటిని కోయడానికి దాని పర్మిషను కావాలి.

నిలబడిన పిందెకి వెంటనే కాగితం సంచీ తొడగండి. పండుఈగ వచ్చి పిందెలో గుడ్లు పెడితే కాయ వంకరపోయి లోపల పురుగు పడుతుంది. దోస, కాకరకి ఈ బెడద మరీ ఎక్కువ. పుచ్చి రాలిన కాయల్ని పాదు కింద వదిలేస్తే ఆ పురుగులే మట్టిలోకి దిగి మళ్లీ ఈగలై వస్తాయి. సబ్బునీళ్ల బకెట్లో వేసి ముంచేయండి.

ఎరువు

రెండే మాటలు. పచ్చి పేడ వేసవిలో వేయకండి, మాగిన దిబ్బ ఎరువే వేయండి. యూరియా అయితే ఈ ఎండల్లో తడి కొంచెం తక్కువైనా మొక్కని కాల్చేస్తుంది. ప్రకృతి వ్యవసాయం నేర్పే సుభాష్ పాలేకర్ గారి జీవామృతం, అంటే పేడతో చేసే ద్రవ ఎరువు, ఎకరానికి 200 లీటర్ల లెక్కన చెబుతారు. అందులో ఇరవయ్యో వంతు మన పెరటికి: పది లీటర్ల నీళ్లు, అరకిలో ఆవు పేడ, అరలీటరు ఆవు మూత్రం, వంద గ్రాములు బెల్లం, వంద గ్రాములు శనగపిండి, చిటికెడు చెట్టు కింది మట్టి. నీడన పెట్టి పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పుతూ రెండు రోజులు ఉంచితే సిద్ధం. తడిగా ఉన్న మట్టిలోనే పోయాలి. కరివేపకి మాత్రం పులిసిన మజ్జిగ నీళ్లలో కలిపి పోస్తాను, మా అమ్మ అలాగే పోసేది.

పురుగూ పుట్రా

ఎండాకాలం మందారానికీ వంగకీ పిండినల్లి పడుతుంది, తెల్లటి దూదిలా. చీమలు అటూ ఇటూ తిరుగుతుంటే ముందుగానే అనుమానించాలి, దాన్ని మోసుకొచ్చేవి అవే. మొదట్లోనే అయితే పైపు నీళ్లు గట్టిగా కొట్టి కడిగేస్తే పోతుంది. బెండ ఆకు అడుగున ఎర్రనల్లి పడితే ఆకు దుమ్ము పట్టినట్టు వివర్ణమవుతుంది, దానికీ నీళ్లే మందు. ఉప్పునీళ్లయినా ఈ ఒక్క పనికి ఆకు మీద కొట్టక తప్పదు. తగ్గకపోతే లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి కొట్టండి. సాయంత్రం పూటే సుమా. ఎండలో నూనె కొడితే ఆకు వేగిపోతుంది.

బెండ ఆకు ఈనెలు పసుపు వల అల్లినట్టు కనిపిస్తే అది పల్లాకు తెగులు. తెల్లదోమ అంటిస్తుంది, మందు లేదు. జాలిపడకుండా ఆ మొక్కని పీకి పారేయండి. మొదటిసారి నేను జాలిపడ్డాను. ఇరవైలో పదకొండు పోయాయి. తర్వాతి ఏడాది నుంచి ఈ తెగులుని కొంత తట్టుకునే అర్క అనామిక రకం గింజలు తెచ్చుకుని, తెల్లదోమ అంటుకునేలా పసుపు జిగురు అట్టలు రెండు వేలాడదీస్తున్నాను.

చీకట్లో పెరట్లోకి దిగేవాళ్లకి ఇంకో హెచ్చరిక. మనం చల్లదనం చేస్తున్నామంటే పాములకీ చేస్తున్నట్టే. గడ్డి కప్పిన చోట, తొట్ల వెనక, కుండ మూత పక్కన చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి. టార్చి, చెప్పులు లేకుండా నేను గుమ్మం దిగను. రెండేళ్ల కిందట బచ్చలి మడి పక్కన ఒకటి చుట్టచుట్టుకుని పడుకుని ఉంది. ఏ జాతిదో అడగలేదు. ఆ రోజుకి డ్యూటీ క్యాన్సిల్.

పిచ్చుకలకీ పిగిలిపిట్టలకీ గోడ మీద మూకుడులో నీళ్లు పెడతాను. అవి వస్తే పురుగులూ తింటాయి, ఉడతలు మాత్రం దోసపిందెలు కొరికి పోతాయి. సరే, వాటికీ వేసవే కదా.

మల్లె

కూరల గురించి ఇంతసేపు చెప్పాను గానీ, మా ఆవిడ పెరట్లోకి రావడం మొదలుపెట్టింది మల్లె వల్ల. మూడు బొండుమల్లె మొక్కలు పెట్టాను, పొద్దుటి నుంచీ ఎండ బాగా తగిలే చోట. నీడలో మల్లె ఆకులేస్తుంది, పూయదు.

సంక్రాంతి వెళ్లగానే నీళ్లు ఆపేయాలి. పది పదిహేను రోజులకి ఆకులు వాడుముఖం పడతాయి. అప్పుడు కొమ్మల్ని మూరెడు ఎత్తున కత్తిరించి, మిగిలిన ఆకంతా చేత్తో దూసేయాలి. మొక్క మోడులా మిగులుతుంది. మొదటిసారి నేను దూస్తుంటే "చంపేస్తున్నారా దాన్ని?" అని ఆవిడ వంటింట్లోంచి అరిచింది. మొదలు తవ్వి, గంపెడు దిబ్బ ఎరువు వేసి, నిండా నీళ్లు పెట్టాను. కొద్దిరోజుల్లోనే చిగురు, మార్చిలో ప్రతి చిగురు కొసనా మొగ్గలు. ఒక విడత పూశాక కొసలు రెండు మూడు అంగుళాలు కత్తిరిస్తే మళ్లీ చిగురేసి మళ్లీ పూస్తుంది.

మొగ్గ కోయడానికి వేళ సాయంత్రం ఐదున్నర. ఆ రాత్రి విచ్చే మొగ్గ బాగా ఉబ్బి పాలలా తెల్లగా ఉంటుంది. కొంచెం ఆకుపచ్చ కనబడినా వదిలేయండి, అది రేపటిది. కోశాక విచ్చదు. తొడిమ కింద బొటనవేలు పెట్టి పైకి అంటే టుక్కుమని వస్తుంది, లాగితే చిగురు కూడా వస్తుంది. కోసినవి తడిగుడ్డలో పోసి ఉంచితే ఏడున్నరకి ఒక్కొక్కటీ విచ్చుకుంటాయి. మే నెలలో ఒక్కోరోజు మూడు మొక్కలకీ కలిపి శేరుతో కొలిచేంత వస్తాయి. ఆవిడ అరుగు మీద కూర్చుని మాల కడుతుంది. నాలుగు మొగ్గలు మంచినీళ్ల కుండలో వేస్తుంది. కరెంటు పోయిన రాత్రి పెరట్లో మంచాలు వేసుకుని పడుకుంటే పందిరి మీద తెల్లటి సొరపూలు, కింద మల్లెల వాసన. ఇంతకు ముందు ఈ వేళకి నేను మాచర్ల బస్సులో చిల్లర లెక్కపెడుతుండేవాణ్ణి.

రోహిణి కార్తె

మే 25 దగ్గర మొదలై జూన్ 8 దాకా ఉండే రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ పదిహేను రోజులు కొత్తగా ఏదీ నాటకండి, ఏదీ కత్తిరించకండి, ఎరువు వేయకండి. ఉన్నవాటిని బతికించుకుంటే చాలు. కుండలు రోజూ నింపుతాను, నెట్ ఇంకో పొర వేస్తాను, ఎండిన బెండమొక్కల్ని పీకకుండా నీడకని అలాగే ఉంచుతాను. ఆ రోజుల్లో కాయలు కాయవు. మామిడికాయ పచ్చళ్ల పనిలో ఉంటాం కాబట్టి ఆ లోటూ తెలియదు.

పోయిన ఏడాది మృగశిర వచ్చిన మూడో రోజు. నాలుక్కి మెలకువ వచ్చేసరికి రేకుల మీద టపటపమని చప్పుడు. ఈ రోజు నీళ్లు పోయక్కర్లేదు, పడుకోవచ్చు. పడుకోలేకపోయాను. టార్చి తీసుకుని, తువ్వాలు నెత్తిన వేసుకుని దిగాను. సొరపాదు దగ్గర కుండ మూత తీసి పక్కన పెట్టాను, ఒక్కసారైనా అది మంచినీళ్లు తాగనీ అని. వెనక నుంచి మా ఆవిడ గొంతు: "తొట్లు కూడా బయటికి లాగండి. ఆ గంగవాయిల మడి తొక్కకండి."